టర్న్ బేస్డ్ వార్‌గేమ్‌లకు ఆన్‌లైన్‌లో ప్రత్యర్థులు ఎందుకు నిలవరు?

మీ ప్రశ్న సారాంశం ఇది: రియల్ టైమ్ స్ట్రాటజీ (ఆర్టీఎస్) ఆటల్లో, అంటే ఇద్దరూ ఒకేసారి ఆగకుండా సైన్యాలను నడిపే ఆటల్లో, అర్ధరాత్రి దాటాక వెతికినా కాసేపట్లో ప్రత్యర్థి దొరుకుతున్నాడు, యుద్ధాన్ని వంతులవారీగా ఆడే టర్న్ బేస్డ్ వార్‌గేమ్ మొదలుపెడితే మాత్రం మూడో వారానికల్లా అవతలి మనిషి మాయమవుతున్నాడు. ఆలోచించి ఆడే ఆటకు కాలం చెల్లిందా, జనానికి ఓపిక నశించిందా అని అడిగారు. రెండు రకాల ఆటలనూ చాలా ఏళ్లుగా ఆడుతున్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. ఓపికకూ తెలివికీ దీనితో సంబంధం తక్కువ. అపరిచితులైన ఇద్దరు మొదలుపెట్టిన ఆటను ఎప్పుడు ముగించి లేవగలరో ఇద్దరికీ ముందే తెలియడం ఆన్‌లైన్ ఆటకు ప్రాణం. ఆర్టీఎస్ ఆటలు ఈ షరతును దాదాపు మొదటినుంచీ తీర్చాయి. వార్‌గేమ్‌లు తమ నిర్మాణం వల్లనే తీర్చలేకపోయాయి. ఇతర కారణాలు ఉన్నాయి గానీ అవన్నీ దీని తర్వాతివే.

ఈ రెండు వర్గాల్లో దూరాన ఉన్న ప్రత్యర్థితో ఆడే అలవాటును ముందుగా చేసుకున్నది వార్‌గేమ్ వాళ్లేనన్న సంగతి చాలామంది మరచిపోతారు. చార్లెస్ రాబర్ట్స్ 1954లో టాక్టిక్స్ అనే బోర్డు ఆటను వెలువరించి, 1958లో బాల్టిమోర్ కేంద్రంగా అవలాన్ హిల్ కంపెనీని నెలకొల్పాడు. ఆ కంపెనీ ఆటలను తపాలాలో ఆడుకోవడానికి ప్రత్యేకంగా కిట్లు కూడా అమ్మేవారు. పాచికలు ఎవరు వేయాలి, వేసినవాడి మాటను ఎలా నమ్మాలి అన్న చిక్కుకు వాళ్లు కనుగొన్న ఉపాయం ముచ్చటైనది: రాబోయే ఫలానా తేదీన పత్రికలో అచ్చయ్యే స్టాక్ మార్కెట్ అంకెలను పాచికల బదులు వాడుకునేవారు. దాడి ప్రకటించాక దాని ఫలితం ఇద్దరి చేతుల్లోనూ ఉండదు, ఇద్దరూ తమ ఊళ్లో పత్రిక కొని చూసుకోవచ్చు. తర్వాత కంప్యూటర్ వార్‌గేమ్‌లు వచ్చి, 1990లలో ఈమెయిల్ అందుబాటులోకి రాగానే తపాలా కవరు స్థానంలో ఆట స్థితిని భద్రపరిచే సేవ్ ఫైల్ చేరింది. పీబీఈఎం (ప్లే బై ఈమెయిల్) అని పిలిచే ఈ పద్ధతికి గొప్ప కనెక్షన్ అక్కరలేదు. మన దేశంలో ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ 1995లో ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టిన తొలి ఏళ్లలో, ఫోను బిల్లుకు భయపడి మెయిల్ దించుకుని వెంటనే లైన్ కట్ చేసే రోజుల్లో, సిద్ధాంతరీత్యా మనకు సరిపోయిన ఆటలు ఇవే. అయినా మన హాస్టళ్లలో, నెట్ సెంటర్లలో పాతుకుపోయినవి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాంటి ఆటలు.

ఆర్టీఎస్ చరిత్ర మీకు తెలిసే ఉంటుంది కాబట్టి త్వరగా ముగిస్తాను. 1992లో వెస్ట్‌వుడ్ వారి డ్యూన్ 2 ఈ ఆటలకు ఒక రూపం ఇచ్చింది గానీ దానిలో మరో మనిషితో ఆడే వీలు లేదు. 1994లో వచ్చిన వార్‌క్రాఫ్ట్‌లో, 1995లో వచ్చిన కమాండ్ అండ్ కాంకర్‌లో ఆ వీలు వచ్చింది. 1997లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, 1998లో స్టార్‌క్రాఫ్ట్ వచ్చాయి. స్టార్‌క్రాఫ్ట్‌తో పాటు బ్యాటిల్ డాట్ నెట్ అనే ఆన్‌లైన్ సేవ కూడా ఉండటంతో ప్రత్యర్థిని వెతుక్కునే పని ఆటలోనే భాగమైపోయింది. అదే 1998లో అవలాన్ హిల్ బొమ్మల కంపెనీ హాస్‌బ్రోకు అమ్ముడుపోయింది. ఆ కంపెనీ పతనాన్ని స్టార్‌క్రాఫ్ట్ ఖాతాలో వేయడం అన్యాయమే అవుతుంది, ఎందుకంటే బోర్డు వార్‌గేమ్‌ల మార్కెట్ అంతకు చాలా ముందే కుంచించుకుపోయింది.

ఇక అసలు లెక్కకు వస్తాను. 2000లో వచ్చిన కంబాట్ మిషన్‌లో ఒక టర్న్ అంటే ఒక్క నిమిషం యుద్ధం. ఇద్దరు ఆటగాళ్లూ తమ దళాలకు ఆజ్ఞలు ఇచ్చి పెడతారు. ఆ తర్వాత అరవై సెకన్ల పాటు ఇరుపక్షాల ఆజ్ఞలూ ఏకకాలంలో అమలవుతాయి. ఆ నిమిషాన్ని ఏ కోణం నుంచైనా, ఎన్నిసార్లయినా తిప్పి చూసుకోవచ్చు. నేను ఆడిన టర్న్ పద్ధతుల్లో ఇంతకన్నా న్యాయమైనది లేదు. కానీ అరగంట యుద్ధం అంటే ముప్ఫై టర్న్‌లు, ఈమెయిల్‌లో ఆడితే ఒక్కో టర్న్‌కు ఫైలు అటూ ఇటూ ఒకటికి మించి తిరగాలి. ఇద్దరూ రోజుకొకసారి మెయిల్ చూసేవారైతే, ఒక గ్రామం బయట జరిగే చిన్న కాల్పుల పోరు నెలలు పడుతుంది. పెద్ద ఆటల సంగతి చెప్పనే అక్కరలేదు. గ్యారీ గ్రిగ్స్‌బీ రూపొందించిన వార్ ఇన్ ద పసిఫిక్‌లో ఒక టర్న్ అంటే ఒక రోజు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌తో మొదలుపెట్టి 1945 సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు పత్రం దాకా ఆడాలంటే 1,360కి పైగా టర్న్‌లు కావాలి. రోజుకు ఒక టర్న్ చొప్పున ఆడే జంటకు అసలు యుద్ధం ఎంతకాలం పట్టిందో ఆటకూ అంతే పడుతుంది. ఆ మధ్యలో ఉద్యోగం మారుతుంది, పిల్లలు పుడతారు, కంప్యూటర్ పాడవుతుంది. ఇలాంటి ఆటలను నిజంగానే చివరిదాకా ఆడిన జంటలు ఉన్నాయి. వారిపట్ల నాకు గౌరవం ఉంది గానీ, ఆ లెక్క చూశాక ఈ ఆట మీద జనం విరగబడాలని మాత్రం నేను ఎదురుచూడను.

పొడవు ఒక్కటే అయితే మనుషులు సర్దుకునేవారేమో. అసలు ఇబ్బంది అనిశ్చితి. ఈరోజు ప్రత్యర్థి టర్న్ పంపుతాడా, వచ్చే ఆదివారం పంపుతాడా, అసలు పంపుతాడా అన్నది తెలియదు. ఫైలు వచ్చేసరికి మీ పథకం ఏమిటో మీకే గుర్తుండదు, మళ్లీ మ్యాపు అంతా చూసుకుని ఆ ఆలోచనను మొదటినుంచి అల్లుకోవాలి. పైగా చాలా వార్‌గేమ్‌లలో మూడో వంతు ఆట గడిచేసరికి ఎవరు గెలుస్తారో ఇద్దరికీ అర్థమైపోతుంది. ఆ తర్వాత ఓడేవాడు ప్రతి టర్న్‌కూ గంటసేపు కూర్చుని తన సైన్యం నెమ్మదిగా అరిగిపోవడాన్ని చూడాలి. మీ ప్రత్యర్థులు మూడో వారంలో మాయం కావడం వెనుక దురుద్దేశం ఉండకపోవచ్చు. ఓడిపోతున్న ఆట తాలూకు ఫైలు ఇన్‌బాక్సులో ఉన్నప్పుడు దాన్ని తెరవాలని ఎవరికీ అనిపించదు, తెరవనందుకు సిగ్గుగానూ ఉంటుంది, ఆ సిగ్గుతోనే జవాబు కూడా రాయరు. ఆర్టీఎస్‌లో ఈ బాధ లేదు. ఓడిపోయినవాడు జీజీ (గుడ్ గేమ్, అంటే మంచి ఆట) అని టైపు చేసి బయటికి వస్తాడు, అది మర్యాదగానే చెలామణీ అవుతుంది, మరు నిమిషంలో ఇంకొకరితో కొత్త ఆట మొదలవుతుంది. లొంగిపోవడానికి గౌరవప్రదమైన దారి ఉండటం ఆర్టీఎస్ సంస్కృతిలో ఎవరూ పెద్దగా పట్టించుకోని బలం.

ప్రత్యర్థి దొరకడం దగ్గర కూడా ఇలాంటి నిర్మాణపరమైన తేడాయే ఉంది. స్టార్‌క్రాఫ్ట్‌లో ఆటగాడు ఎంచుకునే మూడు పక్షాలు, ఒక సీజన్‌కు కొన్ని ల్యాడర్ (ర్యాంకింగ్ పోటీ) మ్యాపులు ఉంటాయి. ఆడాలనుకున్న వారందరూ ఒకే గుంపులో నిలబడతారు, రేటింగ్ చూసి యంత్రం జతచేస్తుంది. వార్‌గేమ్‌లో మీకు 1943 నాటి కుర్స్క్ ట్యాంకుల యుద్ధం కావాలి, ఆయనకు అమెరికా అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్ కావాలి, ఇంకొకరికి అలెగ్జాండర్ కావాలి. ఒకే ఆట దగ్గర కలిసినా దానిలో డజన్లకొద్దీ సినారియోలు, అంటే విడివిడి యుద్ధ సందర్భాలు, ఉంటాయి. సినారియో కుదిరాక ఎవరు ఏ పక్షం అన్న ప్రశ్న వస్తుంది, ఎందుకంటే చరిత్రలో యుద్ధాలు సమానబలుల మధ్య జరగలేదు. ఓడిపోవడానికే పుట్టిన పక్షాన్ని తీసుకుని, విజయ పాయింట్ల లెక్కలో మాత్రం గెలిచానని సంతోషించగలిగే మనసు అందరికీ ఉండదు. ఉన్నవారికి మాత్రం ఈ ఆటల్లో దొరికే ఆనందం మరెక్కడా దొరకదు. ఆ తర్వాత ఆట వెర్షన్ ఇద్దరిదీ ఒకటే ఉండాలి, ఇద్దరి వేగమూ కుదరాలి. పదివేల మంది అభిమానులు ఉన్న ఆటలో కూడా, ఈ జల్లెడలన్నీ దాటి మీకు సరిపోయే మనిషి ఈ రాత్రికి ఒక్కరైనా మిగలకపోవచ్చు.

రియల్ టైమ్ ఆటలు లోపల ఎలా పనిచేస్తాయో చూస్తే ఈ రెండు ఆట జాతుల మధ్య గోడ మనం అనుకున్నంత గట్టిది కాదని తెలుస్తుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌ను తయారుచేసిన ఇంజనీర్లు 2001లో తమ నెట్‌వర్క్ పద్ధతిని వివరిస్తూ ఒక వ్యాసం ప్రచురించారు. ఫోను తీగ మీద నడిచే 28.8 కేబీపీఎస్ మోడెమ్‌పై ఎనిమిది మంది ఆడాలి, తెరమీద వందలాది సైనికులు ఉంటారు. ఒక్కో సైనికుడు ఎక్కడ ఉన్నాడో పంపడం మొదలుపెడితే ఆ తీగ సరిపోదు. అందుకని వాళ్లు సైనికుల స్థానాలను పంపలేదు, ఆటగాళ్లు ఇచ్చిన ఆజ్ఞలను మాత్రమే పంపారు. ప్రతి కంప్యూటరూ అదే ఆటను, అవే ఆజ్ఞలతో, తనంతట తాను నడుపుకుంటుంది. అందరి దగ్గరా ఒకే ఫలితం రావాలంటే ఆజ్ఞలన్నీ ఒకే క్షణాన అమలు కావాలి కాబట్టి, ఆటను సుమారు 200 మిల్లీసెకన్ల టర్న్‌లుగా కోసి, ఈ టర్న్‌లో మీరిచ్చిన ఆజ్ఞను రెండు టర్న్‌ల తర్వాత అమలు చేసేవారు. అంటే మనం రియల్ టైమ్ అని పిలిచే ఆట యంత్రం లోపల టర్న్ బేస్డ్ ఆటే, అదీ కంబాట్ మిషన్ తరహాలో అందరూ ఒకేసారి ఆజ్ఞలిచ్చే ఆట. టర్న్ ఎంత చిన్నదంటే మన కంటికి ఆనదు, అంతే.

ఆ వ్యాసంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన పరిశీలన మరొకటి. ఆజ్ఞకూ అమలుకూ మధ్య 250 మిల్లీసెకన్ల దాకా ఆలస్యమైనా ఆటగాళ్లు గమనించలేదు, 500 దాకా అయినా ఆడగలిగారు. వారికి సహించనిది మారిపోయే ఆలస్యం. ఒకసారి 80, మరొకసారి 500గా ఊగే ఆటకన్నా, ఎప్పుడూ నిలకడగా 500 ఉండే ఆటనే ఇష్టపడ్డారు. వేచి ఉండటం ఎంతసేపో తెలిస్తే మనిషి తన లయను దానికి తగ్గట్టు మలచుకుంటాడు. పైన ఈమెయిల్ ఆట గురించి చెప్పిన అనిశ్చితి కూడా ఇదే జబ్బు. కాకపోతే అక్కడ ఊగిసలాట మిల్లీసెకన్లలో కాక వారాల్లో ఉంటుంది.

మోసం విషయంలో మాత్రం రెండు జాతులూ సమానమే. పీబీఈఎంలో దాడి విఫలమైతే ఫైలును మళ్లీ తెరిచి ఇంకోసారి పాచికలు వేసుకునే ప్రబుద్ధులు ఉంటారు. ఆర్టీఎస్‌లో ప్రతి కంప్యూటర్ దగ్గరా ఆట మొత్తం సమాచారం ఉంటుంది కాబట్టి మ్యాపును కప్పిన చీకటిని తొలగించి చూసే మ్యాప్‌హ్యాక్‌లు పుట్టాయి. తేడా అల్లా, పన్నెండు నిమిషాల ఆటలో మోసపోతే తిట్టుకుని మరచిపోతాం, ఆరు నెలల ఆటలో ప్రత్యర్థిపై అనుమానం కలిగితే ఇక ఆ ఆటలే ఆడాలనిపించదు.

కొరియా సంగతి చెప్పకుండా ఆర్టీఎస్ జనాదరణ గురించి మాట్లాడటం కుదరదు. 1997 ఆర్థిక సంక్షోభం తర్వాత అక్కడ బ్రాడ్‌బ్యాండ్ వేగంగా విస్తరించింది, గంటల లెక్కన కంప్యూటర్ అద్దెకిచ్చే పీసీ బ్యాంగ్‌లు వీధివీధినా వెలిశాయి, సరిగ్గా ఆ సమయానికి స్టార్‌క్రాఫ్ట్ చేతికొచ్చింది. అమ్ముడైన ప్రతుల్లో పెద్ద వాటా కొరియాదే. కొద్ది ఏళ్లలోనే ఆటల కోసమే నడిచే టీవీ చానెళ్లు, కంపెనీలు జీతాలిచ్చి పోషించే జట్లు వచ్చాయి, 2004లో బూసాన్‌లోని గ్వాంగల్లీ సముద్రతీరంలో జరిగిన స్టార్‌క్రాఫ్ట్ జట్ల పోటీ ప్రోలీగ్ ఫైనల్‌కు భారీగా జనం తరలివచ్చారు. గంటకు ఇంత అని డబ్బు కట్టి కూర్చున్న చోట ఇరవై నిమిషాల్లో తేలే ఆటే నిలుస్తుందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. మన దగ్గర కూడా 2000ల తొలినాళ్లలో హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల నెట్ సెంటర్లకు, ఇంజనీరింగ్ హాస్టళ్ల ల్యాన్‌లకు ఇదే సూత్రం వర్తించింది. హాస్టల్లో ఎవరో ఒకరు వైరు లాగి నాలుగు గదులు కలిపితే చాలు, ఇంటర్నెట్ లేకుండానే ఆట నడిచేది. ఓడినవాడు పక్క గదిలోనుంచి అరిచే అరుపులు కూడా ఆటలో భాగమే. పక్క గదిలోని మనిషికి ఈమెయిల్‌లో టర్న్ పంపాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

చూసేవారి సంఖ్య కూడా ఆడేవారి సంఖ్యను పెంచుతుంది. ఆర్టీఎస్ ఆటను క్రికెట్‌లాగా కామెంటరీతో చూడవచ్చు. ఏ సైన్యం ఎటు వెళుతోందో నియమాలు పూర్తిగా తెలియనివాడికీ అర్థమవుతుంది. వార్‌గేమ్ టర్న్‌లో ఒక మనిషి ముప్పావు గంట సేపు సరఫరా మార్గాలు చూసుకుంటూ కూర్చుంటాడు, దాన్ని ప్రసారం చేస్తే ఎవరూ చూడరు. కానీ వార్‌గేమ్ వాళ్లు దీనికి బదులుగా ఒక అద్భుతమైన సంప్రదాయాన్ని పెంచుకున్నారు: ఆట సాగుతుండగానే ప్రతి టర్న్‌నూ పటాలతో సహా రాసిపెట్టే ఏఏఆర్‌లు, అంటే రణరంగ నివేదికలు. పెద్ద కాంపెయిన్‌ల నివేదికలు ఏళ్ల తరబడి సాగుతాయి. ప్రత్యర్థి చదవకూడదని హెచ్చరిక పెట్టి, తన భయాలనూ పథకాలనూ రాసుకుంటూ పోయే కొందరి కథనం యుద్ధ చరిత్ర పుస్తకాలకు ఏమాత్రం తీసిపోదు. ఒక్కో నివేదికను ఆడేవారు ఇద్దరైతే చదివేవారు వందల్లో ఉంటారు. మీరు ఇంకా చదవకపోతే, ఆడటం కన్నా ముందు ఇవి చదవమని సలహా ఇస్తాను.

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి ఆర్టీఎస్ గెలిచేసిందని అనుకోకండి, ఎందుకంటే దానికీ అదే కొలత వర్తించి దెబ్బ తగిలింది. వార్‌క్రాఫ్ట్ 3 కోసం అభిమానులు తయారుచేసిన డోటా మ్యాపు నుంచి ఒక కొత్త జాతి పుట్టింది. 2009లో లీగ్ ఆఫ్ లెజెండ్స్, 2013లో డోటా 2 వచ్చేసరికి ఆర్టీఎస్ జనంలో పెద్ద భాగం అటు తరలిపోయింది. సైన్యం మొత్తాన్ని నడిపే భారం అక్కడ లేదు, ఒక్క వీరుడే ఉంటాడు. ఓడితే నింద పంచుకోవడానికి నలుగురు సహచరులు ఉంటారు. ఒంటరిగా ఒకరితో ఒకరు తలపడే ఆర్టీఎస్‌లో ఓటమి పూర్తిగా మనదే కాబట్టి, ఆట కొన్నవారిలో చాలామంది ల్యాడర్ బటన్ నొక్కడానికే జంకుతారు. వృత్తి ఆటగాళ్లు నిమిషానికి మూడు వందలకు పైగా మౌస్, కీబోర్డు ఆజ్ఞలు ఇస్తారని విన్నాక ఆ జంకు ఇంకా పెరుగుతుంది. ఈ ఒత్తిడిని, ఆట మొదట్లో ఏమీ జరగని నిమిషాలను తగ్గించడానికి తయారీదారులు చేసిన ప్రయత్నాలు చూడండి: మొదటి స్టార్‌క్రాఫ్ట్ నలుగురు పనివాళ్లతో మొదలయ్యేది, 2010 నాటి స్టార్‌క్రాఫ్ట్ 2 ఆరుగురితో, 2015లో వచ్చిన దాని మూడో భాగం పన్నెండు మందితో మొదలైంది. అదే భాగంలో ఇద్దరు కలిసి కంప్యూటర్‌పై పోరాడే కో-ఆప్ విధానం కూడా చేర్చారు, దానికి మంచి ఆదరణ దొరికింది. 2020 అక్టోబరులో దాని తయారీ కంపెనీ బ్లిజార్డ్ ఆ ఆటకు ఇకపై కొత్తగా అమ్మకపు కంటెంట్ తయారుచేయబోమని ప్రకటించింది. ఇంకోవైపు 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ పుణ్యమా అని ఈనాటికీ కళకళలాడుతోంది. కాబట్టి మీరు చూస్తున్న రద్దీ కొన్ని పాత ఆటల చుట్టూ ఉన్న రద్దీ మాత్రమే.

టర్న్‌లంటే జనానికి పడదన్న వాదనను చదరంగం ఒక్కటే పూర్వపక్షం చేస్తుంది. ఇంటర్నెట్‌లో నిత్యం లక్షలాది చదరంగం ఆటలు జరుగుతున్నాయి, వాటిలో అత్యధికం మూడు నిమిషాలు, ఐదు నిమిషాలు, పది నిమిషాల ఆటలు. బాబీ ఫిషర్ 1992లో స్పాస్కీతో ఆడినప్పుడు వాడిన, ఎత్తుకు ఇన్ని సెకన్లు కలిపే గడియారం ఇవాళ ప్రతి వెబ్‌సైటులోనూ మామూలు విషయం. మన కోనేరు హంపి 2019లో, 2024లో గెలిచిన ప్రపంచ ర్యాపిడ్ టైటిళ్లు కూడా గడియారం బిగించిన చదరంగానివే. అక్కడ ఆలోచన లోతు తగ్గిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2014లో వచ్చిన హార్త్‌స్టోన్ కార్డుల ఆటలో ఒక టర్న్‌కు 75 సెకన్లే, 2022లో వచ్చిన మార్వెల్ స్నాప్‌లో ఇద్దరూ ఒకేసారి ఆడే ఆరు టర్న్‌లతో ఆట ముగిసిపోతుంది. ఇవన్నీ టర్న్ బేస్డ్ ఆటలే, అన్నిటికీ జనం ఉన్నారు. వీటిలో దేన్ని మొదలుపెట్టినా ఎప్పుడు లేవగలమో మనకు తెలుసు.

అయితే వార్‌గేమ్‌కు కూడా గడియారం బిగిస్తే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. ప్రయత్నించినవారు ఉన్నారు, నేనూ కొన్ని ఆడాను, తృప్తి కలగలేదు. చదరంగంలో ఒక ఎత్తుకు ఒక్క పావు కదులుతుంది, కాబట్టి గడియారం ఆలోచనను మాత్రమే కొలుస్తుంది. వార్‌గేమ్‌లో ఒక టర్న్‌లో ఎనభై దళాలను కదపాలి. నాలుగు నిమిషాలే ఇస్తే గెలిచేది మౌస్ వేగంగా తిప్పేవాడు, అంటే మనం తప్పించుకుందామనుకున్న ఆర్టీఎస్ వేళ్ల పందెంలోకే వెనక్కి వచ్చి పడతాం. ఎక్కువ సమయం ఇస్తే అవతలివాడు అరగంట సేపు ఖాళీగా కూర్చోవాలి. ఇద్దరూ ఏకకాలంలో ఆజ్ఞలిచ్చే పద్ధతి ఈ రెండో బాధను సగానికి తగ్గిస్తుంది. 2011 నాటి ఫ్రోజెన్ సినాప్స్ దాన్ని కొద్దిమంది సైనికులతో, చిన్న పటాలతో చక్కగా చేసి చూపింది. నా ఉద్దేశంలో ఈ జాతికి ఆన్‌లైన్‌లో భవిష్యత్తు ఉంటే అది ఆ దిశలో, అంటే దళాల సంఖ్య తగ్గించే దిశలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధపు తూర్పు రణరంగం మొత్తాన్నీ ప్రతి బెటాలియన్‌తో సహా ఆడాలనుకునే పెద్దలకు ఈ మాట నచ్చదని నాకు తెలుసు.

వ్యతిరేక దిశలో జరిగిన ప్రయోగం కూడా ఉంది. 2009లో మొదలైన సుప్రిమసీ 1914 లాంటి బ్రౌజర్ ఆటలు పేరుకు రియల్ టైమ్‌లోనే నడుస్తాయి గానీ, ఒక సైన్యం పక్క రాష్ట్రానికి చేరడానికి గంటలు పడుతుంది, ఒక ఆట వారాలు సాగుతుంది. టర్న్ కోసం ఎవరి కోసమూ ఆగనక్కరలేదు, ఒకరు మాయమైనా ఆట ఆగదు. దీనికి చెల్లించే మూల్యం నిద్ర. శత్రువు దాడి తెల్లవారుజామున మూడింటికి చేరుతుందని తెలిస్తే కొందరు అలారం పెట్టుకుని మరీ లేస్తారు. కుటుంబం ఉన్నవారికి నేను దీన్ని సిఫారసు చేయను.

మరొక మాట. జనాదరణను కొలిచే తీరులోనే వార్‌గేమ్‌లకు అన్యాయం జరుగుతోంది. ఈ క్షణాన ఎంతమంది ఆడుతున్నారు అన్న అంకె ఆర్టీఎస్‌కు సరిపోతుంది. నాలుగు ఆటలు ఏకకాలంలో నడుపుతూ, రాత్రి భోజనం తర్వాత ఒక్కో టర్న్ చేసి పంపే మనిషి ఆ అంకెలో రోజుకు గంట సేపే కనిపిస్తాడు, వ్యాసల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో బోర్డు ఆటలు ఆడేవాడు అసలు కనిపించడు. పైగా వార్‌గేమ్ కొనేవారిలో చాలామంది కంప్యూటర్‌తోనే ఆడుకుంటారు, ప్రత్యర్థి కావాలని వారికి ఎప్పుడూ అనిపించదు. నిజానికి ఆర్టీఎస్ కొనేవారిలోనూ అలాంటివారు తక్కువేం కాదు.

మీరు మళ్లీ మొదలుపెట్టాలనుకుంటే కొన్ని విషయాలు చెబుతాను. ఈమెయిల్‌లో ఫైళ్లు పంపుకునే పద్ధతి వదిలేయండి. వార్‌గేమ్‌లు ప్రచురించే స్లిథరిన్ వారి పీబీఈఎం++ లాంటి సర్వర్ ఉన్న ఆటను ఎంచుకుంటే సవాలు పెట్టడం, టర్న్ అందుకోవడం అన్నీ ఆటలోనుంచే జరుగుతాయి. డబ్బు ఖర్చు లేకుండా కావాలంటే ర్యాలీ ద ట్రూప్స్ అనే వెబ్‌సైటులో బోర్డు వార్‌గేమ్‌లను బ్రౌజర్‌లోనే ఆడవచ్చు, నియమాలను అదే చూసుకుంటుంది. పది పదిహేను టర్న్‌లకు మించని, ఒక్కో పక్షానికి ఇరవై దళాలకు మించని సినారియోతో మొదలుపెట్టండి. పక్షం ఎవరిదన్న పేచీ రాకుండా ఒకే సినారియోను పక్షాలు మార్చుకుని రెండు ఆటలుగా ఒకేసారి నడపండి. అప్పుడు అసమానమైన యుద్ధం కూడా న్యాయమైన పోటీ అవుతుంది, ఒకదానిలో ఓడుతున్నవాడు రెండోదానికోసమైనా ఫైలు తెరుస్తాడు. వారానికి ఎన్ని టర్న్‌లు ఆడగలరో ప్రత్యర్థిని ముందే అడిగి, ఆయన చెప్పినదానిలో సగం జరుగుతుందని అనుకోండి. ఏ స్థితికి చేరితే లొంగిపోవచ్చో కూడా మొదటి సందేశంలోనే రాసుకోండి, ఉదాహరణకు ఫలానా పట్టణం పోతే ఆట ముగిసినట్టే అని. ఊరికి వెళుతున్నా, పరీక్షలున్నా ఒక్క వాక్యం రాసి పెట్టే ప్రత్యర్థి దొరికితే మాత్రం, ఆయన ఆట ఎంత పేలవంగా ఉన్నా వదులుకోకండి.